వేడి మోసే హమాలీలు

మా బావను నేను రెండు రోజులు చల్లగా ఉంచాను. ఫ్రిజ్ మెకానిక్‌ని, చల్లగా ఉంచడమే నా బతుకుతెరువు. పాలు, టమాటాలు, ఐస్‌క్రీములు, ఒకసారి పెళ్లివారి రసమలై, ఇంకోసారి ఏదో దవాఖానలో టీకా మందులు. ఇన్నేళ్లలో ఏవేవో చల్లగా ఉంచాను. ఆయన్ను కూడా ఉంచాల్సి వస్తుందని అనుకోలేదు. ఆయనా అనుకుని ఉండడు. అనుకుంటే తనను పెట్టే ఫ్రీజర్ డబ్బాను ముందే ఒకసారి సర్వీసు చేసి పోయేవాడు. పని సగంలో వదిలే మనిషి కాదు.

బావ అంటే మా అక్క మొగుడు. నాకు ఉస్తాదు కూడా. హన్మకొండలో ఒక ఇరుకు రిపేరు మడిగెలో, ఒకరు లేస్తే గానీ ఇంకొకరు తిరగలేనంత చోటులో, ఇరవై ఆరేళ్లు పక్కపక్కన కూర్చుని పనిచేశాం. బావా బామ్మర్దులం కాబట్టి ఒకరినొకరు ఎన్ని మాటలైనా అనుకునే లైసెన్సు అక్క పెళ్లితోనే వచ్చింది. ఆ లైసెన్సును ఇద్దరం బాగా అరగదీశాం.

ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనడం గౌరవం కోసం. ఆ రోజు సైన్సు సారు బోర్డు మీద ‘పని’ అని రాసి, బలం పెడితే వస్తువు కదలాలి, కదిలితేనే పని, గోడను రోజంతా తోసినా గోడ కదలకపోతే మీరు చేసిన పని సున్నా అన్నాడు. నాకు నోరు ఊరుకోదు.

‘‘అట్లయితే సార్, ఇన్ని దినాలు మీరు మాతోటి చేసింది గూడ సున్నానే గదా. మేమేం కదల్లే.’’

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. ఆ మధ్యాహ్నం ఆయన చేసిన పని సున్నా కాదని నా వీపు అందరికీ చూపించింది. మర్నాడు నేను బడికి వెళ్లలేదు, ఆ మర్నాడూ వెళ్లలేదు. అదే ఏడు అక్క పెళ్లయింది. కొత్త బావ నా సంగతి విని, ‘‘గోడలు తోసింది సాలుగని రా, కంప్రెసర్లు మోద్దువు’’ అన్నాడు. వెళ్లాను.

మొదటి ఎండాకాలంలోనే నా తెలివి బయటపడింది. బావ సామాను తేవడానికి పోయిన సమయం చూసి, రిపేరుకొచ్చిన రెండు ఫ్రిజ్‌ల తలుపులూ బార్లా తెరిచి, షట్టర్ సగం దించి, అంగీ విప్పి వాటి ముందు కూర్చున్నాను. మడిగె మొత్తం చల్లగా చేసేద్దామని ప్లాను. బావ రెండు గంటలకు వచ్చాడు. తిట్టలేదు. పక్కన చతికిలబడ్డాడు.

‘‘హాయిగున్నదా బామ్మర్ది?’’

‘‘ముందుగాల ఉండె బావ. ఇప్పుడేందో ఉక్కపోస్తాంది.’’

నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఫ్రిజ్ వెనకున్న నల్ల గొట్టాల మీద పెట్టాడు. చురుక్కుమంది.

‘‘సల్లదనం అనేటిది ఈ లోకంల లేదురా. ఉన్నదంత వేడే. ఒకకాడ ఎక్కువుంటది, ఒకకాడ తక్కువుంటది. ఎక్కువున్న కాడికెల్లి తక్కువున్న కాడికి దానంతటదే పోతది. ఛాయ్ సల్లారుతది సూడు, ఎవ్వలన్న పోయి దానికి చెప్తరా? మార్కెట్ల లారీ మీదికెల్లి మిర్చి బస్తా కింద పడాల్నంటె ఎవ్వలు గావాలె?’’

‘‘ఎవ్వలొద్దు.’’

‘‘కిందికెల్లి పైకి ఎక్కాల్నంటె?’’

‘‘హమాలీ గావాలె.’’

‘‘కంప్రెసర్ గదే. వేడి మోసే హమాలీ. లోపటి వేడి ఎత్తుకపోయి ఎనుకకు ఏస్తది. నువ్వు తలుపు తెరిస్తివి, ఎనుకేసిన బస్తా మల్ల ముందటికే వచ్చింది. అండ్ల హమాలీ చెమట గూడ కలిసింది. ఇగ మడిగె సల్లగైతదా, ఉడుకుతదా?’’

అంతే నా చదువు. తర్వాత నేర్చుకున్నదంతా దానికి పైపూతలే. చాలా ఏళ్ల తర్వాత బావ కూతురు ఇంటర్‌లో చేరి, పుస్తకం తెచ్చి మా ఇద్దరి ముందు పెట్టి చదివింది. శక్తిని పుట్టించలేం, మాయం చేయలేం, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మాత్రమే మార్చగలం అని ఉంది అందులో. కరెంటు లోపలికి పోయి పని అవుతుంది, ఆ పనంతా చివరికి వేడి అవుతుంది. బావ విని, ‘‘గివన్ని నేను మీ మామకు ఎప్పుడో చెప్పిన. ఆళ్లు నా తాన రాసుకపోయిన్రు’’ అన్నాడు. ఆ పిల్ల నవ్వీ నవ్వీ పుస్తకం మూసేసింది.

వాళ్లకు ఆమె ఒక్కతే. డిగ్రీ అయ్యాక సరిహద్దు బలగాల్లో ఉద్యోగం వచ్చింది. ఎక్కడో మంచు కొండల్లో డ్యూటీ. వారానికోసారి ఫోను కలిసేది. అందరు తండ్రులూ తిన్నావా అని అడుగుతారు. మా బావ మొదటి ప్రశ్న, ‘‘ఇయ్యాల ఎంతున్నది బిడ్డా?’’

‘‘మైనస్ పద్దెనిమిది నాన్నా.’’

ఫోను పెట్టేశాక మడిగెకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు, మా బిడ్డ డీప్ ఫ్రీజర్లో నౌకరి చేస్తాంది అని. చెబుతున్నప్పుడు గర్వంగానే ఉండేవాడు. ఆ తర్వాత కాసేపు స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉండేది కానీ స్క్రూ తిరిగేది కాదు.

మే నెల. ఆ రోజు మిద్దె ఎక్కాల్సింది నేను. నక్కలగుట్ట వైపు ఒక ఇంటి మూడో అంతస్తు పైన ఏసీ బయటి యూనిట్ ఆగిపోయింది. మా ఆవిడ మొక్కు ఒకటి మిగిలి ఉంటే ఇద్దరం పాలకుర్తి గుట్టకు పోయాం. మెట్లు దిగుతుండగా బావకు ఫోను చేశాను.

‘‘ఎండ మండుతాంది బావ. పొద్దుగూకినంక పోదువు గదా.’’

‘‘ఆళ్లింట్ల మంచానపడ్డ ముసలామె ఉన్నదిరా. ఉడికిపోతాంది.’’

‘‘నువ్వు ఉడుకుతవ్ ఆడ.’’

‘‘ముప్పై ఏండ్ల సంది ఉడుకుతానే ఉన్న. ఇంకా మెత్తగ కాలే.’’

నేను నవ్వి ఫోను పెట్టేశాను. మా ఇద్దరి మధ్య చివరి మాట అదే. మంచి జోకే. ఇప్పటికీ మంచి జోకే.

మిద్దె మీద సిమెంటు నేల, చుట్టూ నాలుగు ఏసీలు వదిలే వేడి గాలి, నెత్తిన ఎండ. పని పూర్తి చేశాడట. కింద చల్లగాలి మొదలైందని ఆ ఇంటివాళ్లు అరిచి చెప్పారట. దిగి రాకపోతే పైకి వెళ్లి చూశారు. నేను దవాఖానకు చేరేసరికి తడిగుడ్డలు కప్పి, చంకల్లో ఐసు ముక్కలు పెట్టి ఉంచారు. చెమట ఆగిపోయింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, లోపల పుట్టే వేడిని శరీరం బయటికి పంపలేకపోతోందని నెమ్మదిగా వివరించాడు. చదువుకోనివాడికి చెప్పినట్టు చెప్పాడు పాపం. నాకు అర్థం కానిది అందులో ఒక్క ముక్క కూడా లేదు. అర్థం కాకపోతే బాగుండేది. సాయంత్రానికి పోయాడు.

బావ కూతురికి, నా మేనకోడలికి, ఫోను కలిసేసరికి చాలా ఆలస్యమైంది.

‘‘మామా, నేనొచ్చేదాంక ఉంచు. నాన్న మొఖం ఎట్లున్నదో గట్లనే ఉంచు. నేను సూడాలె.’’

‘‘ఎప్పటికొస్తవ్ బిడ్డా?’’

‘‘రోడ్డు మీద మంచు తీయాల్నట. ఎల్లుండి పొద్దున వరకు అందుకుంట.’’

మా కులపెద్ద ఒక తాత ఉన్నాడు, చావుకైనా పెళ్లికైనా ఆయన మాటే. లెక్క ప్రకారం మర్నాడు మధ్యాహ్నానికే ఎత్తాలి అన్నాడు. ‘‘రెండు దినాలా? గీ ఎండలా? ఏందిరా మాట్లాడేది, మొఖం గుర్తువట్టేటట్టు ఉంటదా?’’ అని అడిగాడు. నిజమే అడిగాడు.

‘‘ఉంటది తాతా. నేనుంచుత.’’

శవాల కోసం కిరాయికిచ్చే ఫ్రీజర్ డబ్బా మాకు కొత్తది కాదు. ఎన్నోసార్లు మా మడిగెకే రిపేరుకొచ్చింది. పైన అద్దం మూత, కాళ్ల వైపు అడుగున కంప్రెసర్, పక్కన వేడి గాలి బయటికొచ్చే జాలీ, దాని మీద లోపల ఎన్ని డిగ్రీలుందో చూపించే ఎర్ర అంకెలు. బావ దాన్ని బాగుచేసేటప్పుడు, ‘‘కస్టమర్ గొడవ చెయ్యడు, మంచి కేసు’’ అనేవాడు. అదే డబ్బా మా గల్లీలోకి వచ్చింది. ఇద్దరు ఎదురెదురు పడితే తప్పుకోలేని గల్లీ అది, టెంటు వేసే జాగా లేదు. ముందు గదిలోనే గోడ వారగా పెట్టాం. వచ్చేవాళ్లు తిరగడానికి చోటుండాలని గోడకు ఆనించాం. ప్లగ్గు నేనే పెట్టాను. అంకెలు దిగుతూ వచ్చి నాలుగు దగ్గర నిలబడ్డాయి.

మర్నాడు పొద్దున్నుంచి జనం. మడిగె పక్కవాళ్లు, మిఠాయి దుకాణాల వాళ్లు, ఐస్‌క్రీం బండ్ల వాళ్లు, ఆయన చేతి చలువ తిన్నవాళ్లంతా వచ్చారు. ఒక్కొక్కరు ఒక్కో దండ. తొమ్మిదింటికే వడగాలి మొదలైతే, లోపలికి వేడి రాకూడదని తలుపులు, కిటికీ నేనే మూయించాను. కూలర్ పెట్టించాను. బావ పెద్దక్క, నాకు వదినె, డబ్బాకు చెంప ఆనించి కూర్చుని, చెప్పుకుంటూ ఏడుస్తోంది. అంతా సరిగ్గానే ఉందనుకుని నేను గల్లీ మొదట్లో వచ్చేవాళ్లకు దారి చూపిస్తూ నిలబడ్డాను.

పదకొండింటికి లోపలికొచ్చి చూస్తే అంకె తొమ్మిది.

కాసేపట్లో పదకొండు. గ్యాసు లీకయిందనుకున్నాను. గ్యాసు ఒత్తిడి చూపే గేజీ తెచ్చి, కింద పడుకుని, మిషన్ మూత విప్పి పెట్టాను. గేజీ ముల్లు తక్కువ చూపించలేదు, ఎక్కువ చూపించింది. ఇంకెవరి ఫ్రిజ్ అయినా ఆ ముల్లు చూడగానే చెప్పేవాణ్ని, గ్యాసు బాగానే ఉంది, వేడి పోయే తోవ మూసుకుంది అని. ఆ రోజు ఆ ముల్లు వైపు ఎంతసేపు చూశానో నాకు తెలియదు. రెండుసార్లు జాయింట్లకు సబ్బు నురగ పెట్టి బుడగలు వస్తాయేమో అని వెతికాను. అంకె పన్నెండు.

చెమట కంట్లో పడింది. తుడుచుకుందామని తల ఎత్తాను. అప్పుడు కనిపించింది. జాలీ కనబడటం లేదు. దాని మీద దండలు. ఒకదాని మీద ఒకటి మోకాలెత్తు గుట్ట. అద్దం మీద వేస్తే ముఖం కనబడదని అందరూ మర్యాదగా పక్కనే వేశారు. దండలు లేని చోట వదినె కొంగు. రెండో వైపు గోడ. తల దగ్గర పెట్టిన దీపం ఒకటి. మూసిన తలుపులు, మూసిన కిటికీ, కూలర్ నింపిన ఉక్క, గదినిండా మనుషులు. బావ ఒంట్లోంచి మోసుకొచ్చిన వేడిని ఆ డబ్బా గదిలోనే పారబోస్తోంది, మళ్లీ దాన్నే మోస్తోంది. ఇరవై ఆరేళ్ల తర్వాత, రెండు ఫ్రిజ్‌ల తలుపులు తెరుచుకుని కూర్చున్న ఆ మూర్ఖపు పిల్లగాడు చేసిందే మళ్లీ చేశాను. చెంప మీద కొట్టాల్సిన మనిషేమో డబ్బాలో ఉన్నాడు.

‘‘వదినె, జర లే.’’

‘‘నేను లెవ్వ. నా తమ్ముణ్ణి ఇడిసి యాడికి పోవాలె?’’

‘‘యాడికి పోవద్దు, గిటు పక్కకు జరుగు. నీ కొంగు అడ్డమున్నది. బావకు ఊపిరాడ్తలేదు.’’

నా నోట్లోంచి వచ్చిన మాట నాకు అప్పుడు వినబడింది. వదినె నా ముఖం వైపు చూసింది. నేను ఎప్పుడూ ఆటపట్టించేవాణ్నే కదా, ఇప్పుడు కూడా అదేనా అన్నట్టు చూసింది. కాదని తెలిసి, పెద్దగా ఏడుస్తూ కొంగు లాక్కుని జరిగింది.

దండలు తీయడం మొదలుపెట్టాను. తాత గర్జించాడు.

‘‘ఏం పనిరా గది? నలుగురు ఏసిన దండలు తీసి పారేస్తవా? సచ్చినోని మర్యాద గిదేనా?’’

‘‘తాతా, దండలు గోడకు మొల గొట్టి ఏలాడదీద్దాం. ఈడ వద్దు. డబ్బాను అరుగు మీదికన్న జరుపుదాం, గాలి తాకుతది.’’

‘‘గడప దాటిచ్చినంక మల్ల లోపటికి తెచ్చుడు ఉండదు. దాటిందంటె కాటికే.’’

ఆ మాటకు ఎదురులేదు. ఆయన్ను బయటికి తీసుకుపోలేను. కాబట్టి వేడినే బయటికి పంపాలి. నలుగురం పట్టి డబ్బాను గది నడుమకు, గోడకు రెండు జానల దూరం జరిపాం. దీపాన్ని గూట్లోకి మార్చాను. తలుపు రెక్కలు రెండూ బందుల నుంచి ఊడబెరికాను, కిటికీ రెక్కలు కూడా. కూలర్లో నీళ్లు పారబోసి, దాన్ని కిటికీలో ముఖం బయటికి తిప్పి పెట్టాను. గదిలోని వేడి గల్లీలోకి పోవడం మొదలైంది.

‘‘గాలి మాకు రాకుండ బజార్లకు తిప్పినవేందిరా? మేం సావాల్నా?’’ అన్నారెవరో.

అంకె పన్నెండు దగ్గరే కొట్టుకుంటోంది. దిగడం లేదు. నాకు ఇక తోచలేదు. అంతదాకా మూలకు కూర్చున్న మా అక్క అప్పుడు లేచింది.

‘‘అందరు బయట కూసోన్రి.’’

‘‘గదేంది బిడ్డా, ఎండల?’’ అన్నాడు తాత.

‘‘ఒక్కో మనిషి ఒక బల్బంత వేడి అని ఆయన అంటుండె తాతా. పెండ్లి హాల్లకు ఏసీలు పెట్టేటప్పుడు మనుషులను గట్లనే లెక్కవెడ్తుండె. గీ అర్రల నలభై బల్బులు ఎలుగుతానయ్. జర దయ జూడున్రి. బిడ్డ మొఖం సూస్తనన్నది.’’

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరూ లేచారు. ఎదురింటి గోడ నీడలో, గల్లీలో వరసగా కూర్చున్నారు. అందరికన్నా చివర వదినె వెళ్లింది. వెళ్లాక అక్క గదిలో ఒకసారి తల తిప్పి చూసింది, ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని. తనే ఉంది. గడప దాటి బయట కూర్చుంది. అక్కడి నుంచి ఆయన కాళ్లు కూడా కనబడవు. మొగుడి పక్కన కూర్చోవాల్సిన ఆ చివరి పగలూ రాత్రీ ఒక బల్బు తగ్గించడానికి మా అక్క బయట కూర్చుంది. నేను మాత్రం మిషన్ చూసుకోవాలి కాబట్టి లోపల ఉండిపోయాను. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ అక్క ముఖం వైపు చూడాలనిపించదు.

పన్నెండు పది అయింది. పది ఏడయింది. మధ్యాహ్నం మూడింటికి నాలుగు దగ్గరికొచ్చి నిలబడింది. అద్దంలోంచి చూశాను. ముఖం అట్లాగే ఉంది. ఏదో అనబోయి ఆగినట్టు కింది పెదవి కొంచెం పక్కకు ఉంది. ఏం అనబోయాడో, తప్పకుండా నన్నే.

నాలుగింటికి కరెంటు పోయింది.

‘‘అక్కా, ఇంట్ల బొంతలెన్నున్నయ్?’’ అని కేకేశాను.

ఎందుకని అక్క అడగలేదు. పెట్టెలోంచి, అటక మీద నుంచి ఐదు బొంతలు దింపి గడప దగ్గర పెట్టింది. నేను వాటిని డబ్బా నిండా కప్పి, అంచులు లోపలికి దోపాను. తాత బయటి నుంచి చూసి నోరు తెరిచాడు.

‘‘మే నెలల బొంతలు కప్పుతానవేందిరా? సచ్చినోనికి సలి వెడ్తాందా?’’

‘‘బొంత వేడియ్యది తాతా. అటు వేడి ఇటు, ఇటు వేడి అటు పోకుండ ఆపుతది. గంతే.’’

‘‘నీకెవ్వలు చెప్పిన్రు?’’

నేను డబ్బా వైపు చూపించాను. గంటన్నరకు కరెంటు వచ్చింది. బొంతలు తీసి చూస్తే అంకె ఒక్కటే పెరిగింది.

ఆ రోజంతా మూత తెరవనివ్వలేదు. వచ్చినవాళ్లకు ఒకసారి తాకాలని ఉంటుంది, ముఖం మీద చెయ్యి వేసి ఏడవాలని ఉంటుంది. అందరితో గొడవపడ్డాను. అద్దంలోంచి సూడున్రి, అద్దంలోంచి సూడున్రి అని టికెట్లు చింపేవాడిలా నిలబడ్డాను. ఒకాయన కోపమొచ్చి వెళ్లిపోయాడు. ఇప్పటికీ నాతో మాట్లాడడు. క్షమించమని అడుగుదామని ఆయన చెప్పుల దుకాణం ముందు రెండుసార్లు నిలబడ్డాను, ఆ మాట నా నోటికి అలవాటు లేక తిరిగొచ్చాను.

మూడో రోజు పది దాటాక గల్లీ మొదట్లో కారు ఆగింది. కోడలు దిగింది. బరువైన బూట్లు, భుజాన ఒక సంచి. అక్కడి చలికి ముక్కు మీద, బుగ్గల మీద చర్మం నల్లగా కమిలి పొరలు లేచి ఉంది. గడప బయట తల్లిని పట్టుకుంది. బూట్లు విప్పి లోపలికొచ్చింది.

అద్దం మీదకు వంగి చూసింది. చాలాసేపు చూసింది. నేను రెండు రోజులుగా అంకెల్ని చూసినట్టు ఆమె ముఖాన్ని చూస్తున్నాను.

‘‘గట్లనే ఉన్నడు మామా.’’

అంతే అంది. నేను డబ్బా అంచు పట్టుకున్నాను. రెండు రోజుల్లో కళ్లలో నీళ్లు రావడం అదే మొదలు.

మూత ఎత్తాను. ఆమె లోపలికి చెయ్యి చాపి తండ్రి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న మరుక్షణం వదిలేసింది. మైనస్ పద్దెనిమిదిలో తుపాకీ పట్టుకుని నిలబడే పిల్ల, చలికి అదిరిపడింది.

‘‘ఇది నాన్న చెయ్యి కాదు మామా.’’

‘‘బిడ్డా…’’

‘‘నేను లీవుకొచ్చినప్పుడల్ల స్టేషన్లనే నా రెండు చెవులు పట్టుకుంటుండె. ఆడ గడ్డకట్టిపోయినవ్ బిడ్డా, జర కరగు అంటుండె. ఆయన చేతులు కాలుతుండె మామా. పొయ్యి లెక్క కాలుతుండె.’’

ముఖం అట్లాగే ఉంచమంది, ఉంచాను. చెయ్యి గురించి ఆమె చెప్పలేదు, నేను ఆలోచించలేదు. ముఖాన్ని అట్లా ఉంచాలంటే చేతుల్ని ఇట్లా చెయ్యక తప్పదని ఆమెకు నేనేం చెప్పను, ఆమెకు తెలియదా.

‘‘మిషన్ బంద్ చెయ్యి మామా.’’

ప్లగ్గు పీకాను. రెండు రోజులుగా గదిలో ఉన్న ఆ గుర్రుమనే చప్పుడు ఆగింది. ఎవరూ పిలవకుండానే, ఆ చప్పుడు ఆగడం విని అక్క గడప లోపలికి వచ్చింది. వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. కోడలు ఒక చెయ్యి తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. రెండో చెయ్యి నేను పట్టుకున్నాను. అక్క పాదాల మీద తన చేతులు పెట్టింది. వదినె కూడా వచ్చి నుదుటి మీద అరచెయ్యి వేసింది. ఇప్పుడు కంప్రెసర్ అవసరం లేదు, కరెంటు అవసరం లేదు, నా పనితనంతో ఎవరికీ పని లేదు. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి దానంతటదే పోతోంది. నా అరచెయ్యి మొద్దుబారిపోతోంది, ఆయన వేళ్లలో బిగువు కొంచెం కొంచెంగా తగ్గుతోంది.

బయటి నుంచి తాత, ‘‘పొద్దెక్కుతాంది బిడ్డా’’ అన్నాడు.

‘‘జరసేపు తాతా.’’

ఇంకోసారి పిలిచాడు. ఇంకోసారి ‘జరసేపు’ అంది. మూడోసారి ఆయన పిలవలేదు, వచ్చి గడప మీద కూర్చున్నాడు.

ఎంతసేపైందో గాని అక్క ఉన్నట్టుండి, ‘‘ఎచ్చగైనయ్, కాళ్లు ఎచ్చగైనయ్’’ అంది. ఆ గొంతులో ఏదో ఆశలాంటిది ఉంది. ఆ వెచ్చదనం ఆయనది కాదని, మనదేనని ఆమెకు చెప్పాల్సింది నేనే. అన్నిటికీ మాట అందుకునే నా నోరు అప్పుడు లేవలేదు. కోడలు తల్లి వైపు చూసి, ‘‘ఔనమ్మా’’ అంది.

ఇక గడప దాటించి, అరుగు మీద స్నానం చేయించాలి. గల్లీలో మూడు రాళ్ల మీద పెద్ద గుండిగలో నీళ్లు కాచారు. మా వైపు ఇంటి పెద్దకు ఆఖరి నీళ్లు కొడుకు పోస్తాడు. కొడుకు లేడు కాబట్టి ఎవరు పోయాలని తాత చుట్టూ చూశాడు. కోడలు పాంటు అంచులు పైకి మడుచుకుని ముందుకొచ్చింది. తాత చెంబు ఆమె చేతికిచ్చాడు.

వదినె ఆవిర్లు కక్కుతున్న బిందె తెచ్చి పక్కన దించింది. కోడలు అందులో వేళ్లు ముంచి వెంటనే తీసింది.

‘‘మస్తు కాలుతానయ్ అత్తా. నాన్న గింత వేడి పోసుకోడు.’’

‘‘ఇగ ఆయనకేం తెలుస్తది బిడ్డా’’ అంది వదినె, ఏడుస్తూ.

‘‘నాకు తెలుస్తది గదా.’’

తర్వాత నా వైపు తిరిగింది.

‘‘మామా, జర సల్లనీళ్లు కలుపు.’’

బకెట్లోంచి ఒక చెంబు చన్నీళ్లు బిందెలో పోశాను. ఆమె మోచెయ్యి ముంచి చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకో చెంబు పోశాను. మళ్లీ చూసింది. ఇంకొంచెం, అంది. గల్లీలో డప్పులవాళ్లు వచ్చి నిలబడ్డారు, ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె ‘సాలు మామా’ అనేదాకా పోస్తూనే ఉన్నాను.